దంత ఇంప్లాంట్ల మన్నిక: మూలకుళం నుంచి చూస్తే

ఊడిపోయిన పంటి వేరు స్థానంలో దవడ ఎముకలోకి బిగించే టైటానియం స్క్రూను దంత ఇంప్లాంట్ అంటారు. దాని మీద అబట్‌మెంట్ అనే చిన్న పొడుగు ముక్క, ఆ పైన క్యాప్ వస్తాయి. నవ్వితే కనిపించేది క్యాప్ ఒక్కటే. ఎన్నేళ్లు నిలుస్తుందన్నది మాత్రం ఎముకా లోహమూ కలిసేచోట, లోహం చిగురు దాటి నోట్లోకి వచ్చేచోట తేలుతుంది. ఆ మన్నికను నిర్ణయించే కారణాలేమిటో, పుదుచ్చేరి శివారైన మూలకుళం లాంటి చోట వాటిలో ఏవి ఎక్కువ బరువు తూగుతాయో ఈ వ్యాసం చెబుతుంది.

మూలకుళం పుదుచ్చేరి నుంచి విళుప్పురం వెళ్లే రోడ్డు మీద, రెడ్డియార్‌పాళెం పక్కన ఉన్న పేట. ఉళవర్‌కరై మున్సిపాలిటీ కిందికి వస్తుంది. ఈ చుట్టుపట్ల పళ్ల డాక్టర్లకు కొదవ లేదు. గోరిమేడులో జిప్మర్ ఆసుపత్రి ఉంది. ఆ దాపునే, 1990లో మొదలై ఇప్పుడు మహాత్మా గాంధీ పోస్ట్‌గ్రాడ్యుయేట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డెంటల్ సైన్సెస్ పేరుతో నడుస్తున్న ప్రభుత్వ దంత కళాశాల ఉంది. పిళ్లైయార్‌కుప్పంలోనూ, ఇదే విళుప్పురం రోడ్డు మీది అరియూరులోనూ ప్రైవేటు దంత కళాశాలలున్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలకూ, పనుల మీద యానాం నుంచి వచ్చి ఉండేవాళ్లకూ ఇంప్లాంట్ పెట్టించుకోవడం కష్టమేమీ కాదు, డబ్బు సర్దుబాటయితే చాలు. పెట్టించుకున్నదాన్ని పదేళ్లూ పదిహేనేళ్లూ కనిపెట్టుకుని ఉండే ఏర్పాటు దొరకడమే కష్టం.

నిలవడం వేరు, బాగుండడం వేరు

ఇంప్లాంట్ నోట్లో ఉంటే చాలు, మనుగడ లెక్కలో అది బతికున్నట్టే. చుట్టూ ఎముక సగం కరిగిపోయినా, నొక్కితే చీము వస్తున్నా లెక్క మారదు. విజయం అనిపించుకోవాలంటే అంతకంటే చాలా కావాలి. 1986లో ఆల్‌బ్రెక్ట్‌సన్, జార్బ్, వర్తింగ్టన్, ఎరిక్‌సన్ అనే నలుగురు ప్రతిపాదించిన ప్రమాణాల ప్రకారం ఇంప్లాంట్ కదలకూడదు, ఎక్స్‌రేలో దాని చుట్టూ నల్లటి గీత కనిపించకూడదు, నొప్పి, ఇన్‌ఫెక్షన్ ఉండకూడదు, మొదటి ఏడాది తర్వాత ఎముక ఏటా 0.2 మిల్లీమీటర్ల కంటే తక్కువే తగ్గాలి. ప్రకటనల్లో వినిపించే పెద్ద శాతాలు దాదాపు ఎప్పుడూ మొదటి లెక్కవే. పేషెంటు మనసులో ఉండేది రెండోది.

ఈ వైద్యానికి పునాది వేసింది స్వీడన్‌కు చెందిన పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్. 1950ల మొదట్లో లుండ్‌లో కుందేళ్ల కాలి ఎముకలో రక్తప్రసరణను చూడడానికి ఆయన టైటానియం పరికరాలు అమర్చాడు. పని ముగిశాక తీయబోతే అవి ఊడి రాలేదు, ఎముక వాటిని అంటిపెట్టుకుంది. ఈ కలయికకే తర్వాత ఆస్సియోఇంటిగ్రేషన్ అని పేరొచ్చింది. 1965లో గోథెన్‌బర్గ్‌లో యోస్టా లార్సన్ అనే పేషెంటు కింది దవడలో ఆయన నాలుగు ఇంప్లాంట్లు పెట్టాడు. లార్సన్ 2006లో చనిపోయేదాకా, నలభై ఏళ్లకు పైగా, వాటితోనే నమిలి తిన్నాడు. 1982లో ఇంప్లాంట్ల మీద టొరంటోలో జరిగిన సమావేశం తర్వాతే ప్రపంచ దంతవైద్యం ఈ పద్ధతిని నమ్మింది. లార్సన్ ఉదాహరణను ఇంప్లాంట్ జీవితాంతం ఉంటుందనడానికి రుజువుగా చూపేవాళ్లున్నారు. ఆయన మీద బ్రోనెమార్క్ బృందం కన్ను ఎప్పుడూ ఉండేదన్న మాట కూడా దానికి కలిపి చెప్పాలి.

పెద్ద సమీక్షల్లో పదేళ్ల మనుగడ 95 శాతం అటూ ఇటూగా కనిపిస్తుంది, 2019లో వెలువడిన ఒకటి 96.4 శాతం అంది. ఇరవై ఏళ్ల లెక్క ఇంకా ఆసక్తికరం. 2024లో వచ్చిన ఒక సమీక్ష, పేషెంట్లను మొదటి నుంచీ అనుసరించిన అధ్యయనాలను కలిపితే మనుగడ 92 శాతం తేలింది. మధ్యలో పరీక్షకు రావడం మానేసినవాళ్లను కూడా అంచనా కట్టి కలిపేసరికి అదే అంకె 78కి పడింది. ఇంప్లాంట్ల గురించి ఏ అంకె విన్నా మొదట అడగాల్సిన ప్రశ్న, తిరిగి రానివాళ్లను ఏం చేశారని.

తొలి నెలల్లో పోయేవి

ఇంప్లాంట్లు పోయే కాలాలు రెండు. ఎముక అంటుకోకముందే, క్యాప్ వేయకముందే ఊడిపోయేవి ఒక రకం. ఏళ్ల తర్వాత ఎముక కరిగి పోయేవి రెండో రకం. స్వీడన్ సామాజిక బీమా రికార్డుల నుంచి పేషెంట్లను ఎంచి తొమ్మిదేళ్ల తర్వాత పరీక్షించిన అధ్యయనంలో తొలిదశలోనే కనీసం ఒక ఇంప్లాంట్ పోగొట్టుకున్నవాళ్లు 4.4 శాతం, తర్వాత పోగొట్టుకున్నవాళ్లు 4.2 శాతం. రెండు గండాలూ దాదాపు సమానమే, కారణాలే వేరు.

తొలిదశ నష్టంలో సర్జన్ చేతి నైపుణ్యం, ఎముక నాణ్యత ముందుంటాయి. ఎముకకు రంధ్రం చేసేటప్పుడు డ్రిల్లు వేడెక్కుతుంది. 47 డిగ్రీల సెల్సియస్ వేడి ఒక్క నిమిషం నిలిచినా ఎముక కణాలు దెబ్బతింటాయని 1983లోనే తేలింది. సెలైన్ చల్లుతూ, తక్కువ వేగంతో, పదునున్న డ్రిల్లుతో పనిచేయమనేది అందుకే. అరిగిపోయిన డ్రిల్లుతో లాగించడం బయటికి కనిపించని పొదుపు, దాని బిల్లు రెండు నెలలకు వస్తుంది. ఇక ఎముకలో కింది దవడ ముందుభాగం గట్టిగా ఉంటుంది, పై దవడ వెనకభాగం మెత్తగా, గుల్లగా ఉంటుంది. పైగా అక్కడ సైనస్ గది కిందికి దిగి ఎముక ఎత్తును తగ్గిస్తుంది. తగినంత ఎముక లేకపోతే సైనస్ గది అడుగును పైకి లేపి (సైనస్ లిఫ్ట్) అక్కడ ఎముక పదార్థం (బోన్ గ్రాఫ్ట్) వేయాల్సి రావచ్చు. అందుకే బ్రోనెమార్క్ పాత పద్ధతిలో కింది దవడకు మూడు నెలలు, పై దవడకు ఆరు నెలలు ఆగేవారు. ఇప్పటి గరుకు ఉపరితలాల వల్ల ఆ గడువు బాగా తగ్గింది. ఒక్కరోజులో పళ్లన్న బోర్డులూ వెలిశాయి. ఒక్కరోజు పద్ధతి అబద్ధం కాదు, కానీ అది బిగింపు గట్టిగా కుదిరిన చోట, ఏరి ఎంచిన పేషెంట్లకే. రెండో వారం నుంచి నాలుగో వారం దాకా స్క్రూ పట్టు సడలుతుంది, కొత్త ఎముక ఇంకా బలపడి ఉండదు. నొప్పేమీ లేదు కదా అని ఆ రోజుల్లో వేయించిన శనగలు కొరికితే చిక్కే.

షుగర్ లెక్క

పుదుచ్చేరిలో ఇంప్లాంట్ మన్నిక గురించి మాట్లాడితే ముందు మధుమేహం గురించి మాట్లాడాలి. భారత వైద్య పరిశోధన మండలి తరఫున మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ నడిపిన ఇండియాబ్ సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. 20 ఏళ్లు దాటిన 1,13,043 మందిని ఆ సర్వే చూసింది. దేశం మొత్తానికి మధుమేహం 11.4 శాతం కాగా గోవాలో 26.4, పుదుచ్చేరిలో 26.3. అంటే ఇక్కడ పెద్దవాళ్లలో నలుగురికి ఒకరి కంటే ఎక్కువ. పళ్లు ఊడే వయసూ షుగర్ ముదిరే వయసూ ఒకటే కాబట్టి, ఇంప్లాంట్ కోసం కుర్చీలో కూర్చునేవాళ్లలో ఈ వాటా ఇంకా పెరుగుతుందని ఊహించడానికి డాక్టరే కానక్కర్లేదు.

నెత్తుటిలో చక్కెర ఎక్కువ కాలం ఎక్కువగా ఉంటే అది ప్రోటీన్లకు అతుక్కుని కొత్త పదార్థాలు తయారవుతాయి. అవి ఎముక కట్టే కణాలను మందగింపజేస్తాయి, వాపును రగిలిస్తాయి. సన్న రక్తనాళాలు మూసుకుపోతాయి, క్రిములను మింగే తెల్లకణాల చురుకు తగ్గుతుంది. ఫలితం రెండు దశల్లో కనిపిస్తుంది. మొదట ఎముక అంటుకోవడం ఆలస్యమవుతుంది. షుగర్ అదుపులో లేనివాళ్లలో కూడా ఏడాది తిరిగేసరికి ఇంప్లాంట్ నిలిచే ఉన్నట్టు అధ్యయనాలు చూపాయి, పట్టు కుదరడానికి వాళ్లకు ఎక్కువ వారాలు పట్టింది. అది చూసి షుగర్ పెద్ద అడ్డంకి కాదనడం తొందరపాటు. రెండో దశ ఏళ్ల తర్వాత చిగుళ్ల దగ్గర మొదలవుతుంది.

ఆపరేషన్‌కు ముందు చేతివేలిని గుచ్చి చూసే షుగర్ ఆ పూట సంగతే చెబుతుంది. ముందురోజు అన్నం మానేసి వచ్చినా అంకె తగ్గుతుంది. హెచ్‌బీఏ1సీ పరీక్ష గత రెండు మూడు నెలల సగటు చెబుతుంది. అది 7 శాతం దరిదాపుల్లో ఉంటే చాలామంది ధైర్యంగా ముందుకెళ్తారు, 8 దాటితే వాయిదా వేయమంటారు. పెట్టిన రోజు 6.9 ఉన్న పేషెంటుకు ఐదేళ్ల తర్వాత 10 ఉంటే ఆ ఇంప్లాంట్ ఇప్పుడు వేరే ఒంట్లో ఉన్నట్టే లెక్క. కనుక ఈ పరీక్ష రిపోర్టు ఇంప్లాంట్ ఫైలులో ఏటా చేరాలి. పళ్ల డాక్టరుకూ షుగర్ డాక్టరుకూ మధ్య ఒక చీటీ కూడా నడవని మన పద్ధతిలో ఇది అరుదు.

పొగ, వక్క, మందులు

పొగతాగేవాళ్లలో ఇంప్లాంట్ పోయే అవకాశం తాగనివాళ్ల కంటే సుమారు రెట్టింపని పలు సమీక్షలు తేల్చాయి. పొగ చిగుళ్ల రక్తనాళాలను కుంచింపజేస్తుంది. అందువల్ల రక్తం కారడం తగ్గి, లోపల జబ్బు ముదురుతున్నా చిగురు పైకి ఆరోగ్యంగానే కనిపిస్తుంది. ఉత్తరాంధ్ర తీరంలో, ముఖ్యంగా ఆడవాళ్లలో, చుట్ట నిప్పున్న వైపును నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ అలవాటుంది. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మందిని పరీక్షించి, అంగిలిపై అది తెచ్చే మార్పులను 1971లో ఒక అంతర్జాతీయ బృందం ప్రచురించింది. ఆ నోట్లో ఇంప్లాంట్ ఆలోచన కంటే ముందు అంగిలిని క్యాన్సర్ కోసం చూడడం ధర్మం. వక్క, గుట్కా నమిలేవాళ్లది ఇంకో ఇబ్బంది. బుగ్గలు లోపల గట్టిపడి నోరు తెరుచుకోదు, వెనకపళ్ల దగ్గరికి డ్రిల్లే కాదు, తర్వాత బ్రష్షూ పోదు.

ఎముకలు గుల్లబారినందుకు వాడే అలెండ్రోనేట్, క్యాన్సర్‌లో సూదిమందుగా ఇచ్చే జోలెడ్రోనిక్ ఆమ్లం దవడ ఎముకను చచ్చుబరిచే అరుదైన సమస్య తెస్తాయి. మాత్రల మోతాదులో ముప్పు తక్కువ, సూదిమందులో ఎక్కువ. తలకూ మెడకూ రేడియేషన్ తీసుకున్న దవడలో ఎముక మానే శక్తి ఏళ్ల తరబడి తగ్గే ఉంటుంది. డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులకూ, గ్యాస్ కోసం నెలల తరబడి మింగే ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ లాంటి మాత్రలకూ ఇంప్లాంట్ నష్టంతో సంబంధం కనిపించిందని కొన్ని పరిశీలనలు చెప్పాయి. సంబంధమే తప్ప కారణమని తేలలేదు. అయినా గ్యాస్ మాత్రను మందుగా ఎంచక డాక్టరుకు చెప్పనివాళ్లే ఎక్కువ కాబట్టి అడిగి రాసుకోవడం మంచిది.

చిగురు దగ్గర జరిగేది

సొంత పన్ను ఎముకకు నేరుగా అతుక్కుని ఉండదు. చుట్టూ వేల నారపోగులు దాన్ని ఉట్టిలో కుండలా పట్టి ఉంచుతాయి. ఆ పోగుల్లోనే రక్తనాళాలుంటాయి, ఎంత గట్టిగా కొరుకుతున్నామో మెదడుకు చెప్పే నరాలుంటాయి. ఇంప్లాంట్‌కు ఇవేవీ లేవు. చిగురు దాని మెడను చుట్టుకుని ఉంటుందే గానీ పోగులతో లోహంలోకి నాటుకోదు. పాచి కిందికి దిగితే ఆపే అడ్డుగోడ బలహీనం.

పాచి పేరుకుంటే ముందు చిగురు మాత్రమే వాస్తుంది. దీన్ని మ్యూకోసైటిస్ అంటారు, ఈ దశలో శుభ్రం చేస్తే వెనక్కి మళ్లుతుంది. వాపు ఎముకదాకా దిగితే అది పెరి ఇంప్లాంటైటిస్, అక్కడి నుంచి వెనక్కి తేవడం కష్టం. 2015లో వచ్చిన ఒక సమీక్ష మొదటిది 43 శాతం మందిలో, రెండోది 22 శాతం మందిలో ఉంటుందని సగటు కట్టింది. నిర్వచనాన్ని బట్టి ఈ అంకెలు చాలా మారతాయి. 2017లో ప్రపంచ నిపుణుల సమావేశం ఒక కొలత ఖాయం చేసింది. పాత ఎక్స్‌రేలు చేతిలో లేనప్పుడు, ముట్టుకుంటే రక్తమో చీమో రావడం, చిగురు లోతు 6 మిల్లీమీటర్లు లేదా అంతకంటే ఎక్కువ ఉండడం, ఎముక 3 మిల్లీమీటర్లు లేదా ఎక్కువ దిగిపోవడం కలిసి ఉంటే జబ్బున్నట్టు.

ఒక మామూలు చెకప్‌లో జరిగేదేమిటంటే, సన్నటి ప్రోబ్‌ను ఇంప్లాంట్ చుట్టూ ఆరుచోట్ల మెల్లగా దించి లోతు చదువుతారు. తీసిన అర నిమిషంలో ఎర్రటి చుక్క మొలుస్తుందేమో చూస్తారు. తర్వాత ఆర్‌వీజీ అనే డిజిటల్ ఎక్స్‌రే తీస్తారు. ఎక్స్‌రే కిరణం ఇంప్లాంట్‌కు సరిగ్గా లంబంగా పడితే స్క్రూ మరలు రెండు వైపులా పదునుగా, విడివిడిగా కనిపిస్తాయి. ఏటవాలుగా పడితే మసకబారి ఎముక ఎక్కడుందో తెలియదు. మరల మధ్య దూరం ముందే తెలుసు కనుక, ఎముక మీద తేలిన మరలను లెక్కపెడితే ఎన్ని మిల్లీమీటర్లు తగ్గిందో చెప్పొచ్చు. ఖరీదైన స్కానింగ్ అక్కర్లేదు. క్యాప్ వేసిన రోజు తీసిన ఎక్స్‌రే పక్కన పెట్టి పోల్చడమే అసలు పరీక్ష. ఆ మొదటి ఎక్స్‌రే క్లినిక్ కంప్యూటర్‌తోపాటు పోయిందంటే పోలికకు ఏమీ మిగలదు. వాట్సాప్‌లో అయినా పేషెంటు దగ్గర ఒక కాపీ ఉండాలి.

సొంత పళ్లు చిగుళ్ల జబ్బుతో కదిలి ఊడినవాళ్లకు ఇంప్లాంట్ దగ్గరా అదే జబ్బు రావడానికి అవకాశం ఎక్కువ. నోరూ అదే, క్రిములూ అవే. మిగిలిన పళ్లకు గార తీయించి, చిగుళ్లను దారికి తెచ్చాకే ఇంప్లాంట్ మాట ఎత్తాలి. ఇంకో మాట కూడా చెప్పాలి. కాస్త కదులుతున్నా వైద్యంతో నిలబడే పంటిని పీకి ఇంప్లాంట్ పెట్టడం నా దృష్టిలో లాభసాటి బేరం కాదు.

మిగిలిపోయిన సిమెంటు

డాక్టర్లు మామూలుగా చెప్పని కారణం ఒకటుంది. క్యాప్‌ను సిమెంటుతో అతికించేటప్పుడు మిగులు సిమెంటు చిగురు కిందికి జారుతుంది. కంటికి కనిపించదు, కొన్ని సిమెంట్లు ఎక్స్‌రేలోనూ కనిపించవు. పాచి పట్టడానికి గరుకు నేల దొరికినట్టే. 2009లో ఒక పరిశోధకుడు సన్న కెమెరాతో చిగురు లోపలికి చూస్తే, జబ్బు చేసిన ఇంప్లాంట్లలో 81 శాతం చోట్ల మిగులు సిమెంటు ఉంది. దాన్ని తీసేశాక వాటిలో ఎక్కువ భాగం కుదుటపడ్డాయి. స్క్రూతో బిగించే క్యాప్‌లో ఈ బెడద లేదు, పైగా అవసరమైతే విప్పి కడిగి మళ్లీ బిగించొచ్చు. నమిలేవైపు చిన్న రంధ్రం పూడ్చిన గుర్తు ఉంటుంది, అంతే. వెనకపళ్లకు ఆ గుర్తును ఎవరు చూడొచ్చారు?

కొరుకుడు బరువు

నిద్రలో పళ్లు కొరికే అలవాటున్నవాళ్లలో స్క్రూ వదులవడం, క్యాప్ పింగాణీ పగలడం, ఒక్కోసారి ఇంప్లాంటే విరగడం జరుగుతాయి. నరాల హెచ్చరిక లేనందున బరువు ఎంత పడుతోందో నోటికే తెలియదు. రాత్రి పళ్లకు నైట్ గార్డ్ అనే తొడుగు పెట్టుకోవడం, ఎత్తుగా తగలకుండా క్యాప్ సరిచేయించుకోవడం తప్ప దీనికి పెద్ద వైద్యం లేదు. ఇంప్లాంట్లు మరీ దగ్గరదగ్గరగా పెట్టడమూ నష్టమే. రెండింటి మధ్య 3 మిల్లీమీటర్లు, పక్క పంటికి 1.5 మిల్లీమీటర్లు ఉంచాలన్నది సాధారణ నియమం. లేకపోతే మధ్య ఎముక కరుగుతుంది. పద్దెనిమిది నిండని పిల్లలకు పెడితే దవడ ఎదుగుతుంది, ఇంప్లాంట్ మాత్రం అక్కడే ఉండిపోయి పన్ను పొట్టిదైపోయినట్టు కనిపిస్తుంది.

కంపెనీ, స్టిక్కరు

లోహం విషయంలో పెద్ద తగవు లేదు. శుద్ధ టైటానియం నాలుగో గ్రేడు, టైటానియం-జిర్కోనియం మిశ్రమం బాగా పరీక్షకు నిలిచినవి. ఇసుకతో గీకి ఆమ్లంతో కడిగిన ఉపరితలమున్న 511 ఇంప్లాంట్లను స్విట్జర్లాండ్‌లో పదేళ్లు గమనిస్తే 98.8 శాతం నిలిచాయని 2012లో ప్రచురించారు. అన్ని కంపెనీల ఇంప్లాంట్లకూ ఇలాంటి చరిత్ర లేదు. అయితే చవక ఇంప్లాంట్‌తో అసలు చిక్కు ఎముకలో కాదు, విడిభాగాల్లో వస్తుంది. పన్నెండేళ్లకు అబట్‌మెంట్ స్క్రూ విరిగితే దానికి సరిపోయే స్క్రూ, స్క్రూడ్రైవరు దొరకాలి. కంపెనీ మూతపడినా, పేషెంటుకు కంపెనీ పేరే తెలియకపోయినా ఎముకలో గట్టిగా ఉన్న ఇంప్లాంట్ కూడా పనికిరాకుండా పోతుంది. ఇంప్లాంట్ పెట్టె మీది స్టిక్కరులో కంపెనీ, వ్యాసం, పొడవు, లాట్ నంబరు ఉంటాయి. దాన్ని అడిగి తీసుకుని రేషన్ కార్డు ఉన్న ఫైలులోనే దాచుకోవాలి.

మళ్లీ రావడం

బ్రెజిల్‌లో మ్యూకోసైటిస్ ఉన్న 80 మందిని ఐదేళ్లు గమనించారు. క్రమంగా క్లీనింగ్‌కు వచ్చినవాళ్లలో 18 శాతం మందికి అది పెరి ఇంప్లాంటైటిస్‌గా ముదిరింది, రానివాళ్లలో 43.9 శాతం మందికి. పేషెంటు చేతిలో ఉన్న కారణాల్లో పొగ మానడం, షుగర్ అదుపు తర్వాత ఇంత తేడా తెచ్చేది మరొకటి లేదు. మామూలుగా ఆరు నెలలకోసారి, షుగర్ ఉన్నవాళ్లు, చిగుళ్ల జబ్బుతో పళ్లు పోగొట్టుకున్నవాళ్లు మూడు నాలుగు నెలలకోసారి రావాలి. ఇంట్లో మెత్తని బ్రష్షుతో పాటు క్యాప్‌ల సందులకు ఇంటర్‌డెంటల్ బ్రష్షు కావాలి. వేలితో పళ్లపొడి రుద్దితే ఆ సందుల్లోకి పోదు.

యానాం వాళ్లకు ఇదే గడ్డు సమస్య. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగమే అయినా గోదావరి పాయ ఒడ్డునున్న ఆ ఊరు ఇక్కడికి 800 కిలోమీటర్ల పైచిలుకు దూరం. చదువుకో ఉద్యోగానికో వచ్చి మూలకుళంలో ఉన్న కొడుకు దగ్గరికి అమ్మానాన్నలు వస్తారు, ఉన్న మూడు నెలల్లో ఇంప్లాంట్ పెట్టించి పంపిస్తారు. ఆ తర్వాత చిగురు వాచినా పండక్కి వచ్చేదాకా ఆగుతారు. ఇలాంటివాళ్లకు పెట్టేముందే కాకినాడలోనో రాజమహేంద్రవరంలోనో క్లీనింగ్ చేసే డాక్టరును చూసుకుని, స్టిక్కరు, ఎక్స్‌రే కాపీలు అక్కడికి పంపడం మేలు. సాధారణ ఆరోగ్య బీమా పాలసీల్లో చాలావాటికి ఇంప్లాంట్ ఖర్చు వర్తించదు, తర్వాతి క్లీనింగులు అసలే వర్తించవు. ప్యాకేజీ ధర మాట్లాడుకునేటప్పుడే మొదటి రెండేళ్ల చెకప్‌లను అందులో కలపమని అడగడంలో తప్పులేదు.

వయసు మీద పడ్డాక

వయసు ఒక్కటే ఇంప్లాంట్‌కు అడ్డం కాదు, ఎనభైల్లోనూ ఎముక అంటుకుంటుంది. చేతులు వణికి, చూపు తగ్గి, మతిమరుపు వచ్చినప్పుడు ఆ పళ్లను ఎవరు తోముతారన్నదే ప్రశ్న. అరవై ఏళ్లకు నోరంతా స్థిరంగా బిగించిన పళ్ల వరుస (బ్రిడ్జి), ఎనభైకి కోడలో కూతురో శుభ్రం చేయలేనిదిగా మారొచ్చు. కింది పళ్లన్నీ పోయినవాళ్లకు రెండు ఇంప్లాంట్ల మీద బటన్లలా అతుక్కునే, తీసి కడుక్కోగలిగే కట్టుడు పళ్లే మొదటి ఎంపిక కావాలని 2002లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జరిగిన నిపుణుల సమావేశం చెప్పింది. ఖర్చు తక్కువ, తీసి కొళాయి కింద కడగొచ్చు. స్థిరమైన పళ్లే గొప్పన్న భావన బలంగా ఉన్నందువల్ల ఈ దారిని మన దగ్గర తక్కువమంది ఎంచుకుంటున్నారు.

పోయాక

ఎముక సగానికి పైగా కరిగితే, లేదా ఇంప్లాంట్ కదిలితే తీసేయడమే మార్గం. కదిలే ఇంప్లాంట్ మళ్లీ అతుక్కోదు. గట్టిగా ఉన్నదాన్ని తీయాలంటే ఎదురు తిప్పే పరికరంతో మెల్లగా విప్పుతారు, అలా చేస్తే చుట్టూ ఎముక తక్కువ పోతుంది. ఆ గుంట మానడానికి నెలలు పడుతుంది, గ్రాఫ్ట్ అవసరం కావచ్చు. అదే చోట రెండోసారి పెట్టిన ఇంప్లాంట్ మనుగడ మొదటిదాని కంటే తక్కువనీ, మూడోసారి పెట్టినది ఇంకా తక్కువనీ అధ్యయనాలు చూపాయి. మొదటిది ఎందుకు పోయిందో, అంటే షుగరా, సిమెంటా, పొగా, పళ్లు కొరకడమా అన్నది తేలకుండా రెండోదానికి తేదీ ఇవ్వకూడదు.